ఇంటిలో సముద్రపు తొట్టి



వరి నాట్ల గురించో, జీడి తోటల్లో టీ దోమ గురించో చెప్పవలసినవాడు గాజు తొట్టిలో సముద్రపు చేపలను పెంచే సంగతి చెబుతాడేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోవడం సహజమే. కాని ఈ మధ్య ఏ తీర గ్రామానికి వెళ్లినా చదువుకున్న కుర్రవాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదే. “సార్, సముద్రం పక్కనే వుంది కదా. రంగు రంగుల చేపలను ఇంట్లో పెంచుకోకూడదా? అమ్ముకోకూడదా?” అంటున్నారు. పెంచుకోవచ్చు. అయితే తెలియకుండా దిగితే డబ్బు పోతుంది, మూగజీవాల ప్రాణం పోతుంది. నాకు రెండూ పోయాయి గనుకనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

ఇది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. 1909లోనే మద్రాసు మెరీనా ఒడ్డున సముద్రపు చేపల ప్రదర్శనశాల వెలిసింది. మన ప్రాంతం కూడా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. ఇంట్లో పెట్టుకునే తొట్టి విషయానికి వస్తే, ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లను, గాలి బుడగలను మాత్రమే ఆధారం చేసుకుని చేపలను బతికించి, ఆ పద్ధతిని 1961లో లోకానికి తెలియజేశాడు. నీటిని శుభ్రం చేసేది యంత్రం కాదు, ఆ రాళ్లలో కాపురమున్న సూక్ష్మజీవులేనన్నది అందులోని కీలకం. ఈ కీలకం రైతుకు కొత్తది కాదు. అదెలాగో ముందు ముందు చెబుతాను.

మొదట తొట్టి సంగతి. పెద్ద తొట్టి అంటే ఖర్చు ఎక్కువ, నిజమే. కాని చిన్న తొట్టిలో నీరు తొందరగా వేడెక్కుతుంది, తొందరగా పాడవుతుంది. పెద్ద చెరువుకు, చిన్న గుంటకు వున్న తేడాయే ఇక్కడా వుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు వున్న తొట్టిని తీసుకుందాం. ఇరవైనాలుగు ఘనపుటడుగులు. అందులో సుమారు 680 లీటర్ల నీరు పడుతుంది. సముద్రపు నీరు మంచినీటికంటె బరువు కాబట్టి నీరే దాదాపు 700 కిలోలు తూగుతుంది. గాజు, ఇసుక, రాళ్లు కలిపితే టన్నుకు దగ్గరవుతుంది. కాబట్టి మేడ మీద పెట్టవద్దు. నేలమీద, గట్టి దిమ్మ కట్టి, మట్టపు గొట్టంతో సమంగా వున్నదో లేదో చూసి పెట్టండి. గాజు 12 మిల్లీమీటర్ల మందం వుండాలి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెడితే నాచు విపరీతంగా పెరుగుతుంది.

ఇక నీరు. ఇక్కడే నేను మొదటి తప్పు చేశాను. మా ఇల్లు సోంపేటలో. బారువ తీరం దగ్గరే. 2016లో భాద్రపదమాసపు వానల్లో డ్రమ్ములు వేసుకుని నీటికి వెళ్లాను. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన చూసి, “ఈ వానల్లో నీరు పట్టుకెళ్తే ఏటి లాభం బాబూ? ఏరు కలిసిపోనాది. ఎండాకాలంల రా” అన్నాడు. చదువుకున్నవాడిని కదా, వినలేదు. ఇంటికి తెచ్చి కొలిస్తే లీటరుకు 23 గ్రాముల ఉప్పే వుంది. ఉండవలసింది 35. మహేంద్రతనయ వరదనీరు అక్కడ కలుస్తుందని నాకు తెలియక కాదు, ఆలోచించక. వంశధార కలిసే కళింగపట్నం దగ్గరైనా, చంపావతి కలిసే కోనాడ దగ్గరైనా ఇదే సంగతి. నీటిని మార్చి, ఏప్రిల్, మే నెలల్లో, ఏటి మొగకు దూరంగా, మురుగు కాలువలు లేనిచోట తెచ్చుకోవాలి. గుడ్డతో వడగట్టి, మూతవున్న ప్లాస్టిక్ డ్రమ్ములో చీకటిలో రెండు వారాలు నిలవ వుంచి పైతేట వాడాలి. ఉప్పును కొలవడానికి రొయ్యల రైతులు సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటరే చాలు.

“అంత దూరం నీళ్లు మోయడమెందుకు? నౌపడ ఉప్పు బావినీళ్లలో కలిపితే సరిపోదా?” అని ఒక రైతు అడిగాడు. సరిపోదు. ఉప్పు మళ్లలో నీరు ఇంకుతున్నప్పుడు సున్నం, జిప్సం ముందే అడుగున దిగిపోతాయి. ఉప్పు గట్టిపడ్డాక మెగ్నీషియం వున్న చేదునీటిని వేరుగా తీసేస్తారు. మిగిలింది కూరకు మంచి ఉప్పు. సముద్రం మాత్రం కాదు. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల కాల్షియం, సుమారు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం వుంటాయి. తీరానికి దూరంగా వున్నవారు అక్వేరియం కోసమే తయారుచేసిన ఉప్పును మంచినీటిలో కలుపుకోవచ్చు.

ఉప్పు మడి నుంచే ఇంకొక పాఠం నేర్చుకోవాలి. ఎండకు పోయేది నీరు మాత్రమే, ఉప్పు పోదు. మా తొట్టిలో రోజుకు ఐదారు లీటర్లు తగ్గుతుంది. ఆ తగ్గినదానికి సముద్రపు నీరు పోస్తే తొట్టి కొన్నాళ్లకు ఉప్పు మడి అవుతుంది. మంచినీరే పోయాలి. వాన నీరుగాని, ఆర్.ఓ. ప్లాంటు నీరుగాని శ్రేష్ఠం.

ఇసుక తీరంలో ఊరకనే దొరుకుతుంది గదా అని తెచ్చి పోయవద్దు. మన తీరపు ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్ వంటి బరువు ఖనిజాలు కలిసి వుంటాయి. నల్ల చారలుగా కనిపించేది అదే. దానికి బదులు అక్వేరియం కోసం అమ్మే సున్నపు ఇసుకను వాడండి. లేదా గవ్వలు, ఆలిచిప్పలు మంచినీటిలో బాగా కడిగి, ఎండబెట్టి, నూరి వాడవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. దయచేసి జాగ్రత్తగా చదవండి.

నీరు పోసిన నాలుగో రోజునే నేను చేపలను వదిలాను. అమ్మినాయన “ఏమీ ఫరవాలేదు” అన్నాడు, నేను నమ్మాను. తొమ్మిదో రోజుకు ఏడు చేపలూ చచ్చిపోయాయి. నీరు అద్దంలా వుంది. కంటికి ఏ దోషమూ కనబడలేదు. చంపింది అమ్మోనియా.

మీరు వరికి యూరియా వేస్తారు. నేలలోని సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా, ఆ తరువాత నైట్రైటుగా, చివరకు నైట్రేటుగా మారుస్తాయి. తొట్టిలో చేప విసర్జించేది, తినక మిగిలిన మేత కుళ్లి వచ్చేది కూడా అమ్మోనియాయే. కొత్త తొట్టిలో దానిని మార్చే సూక్ష్మజీవులు ఇంకా పుట్టలేదు. పైగా సముద్రపు నీటి పి.హెచ్. ఎనిమిది దాటి వుంటుంది. అటువంటి నీటిలో అమ్మోనియా మరింత విషం. అందుచేత తొట్టి కట్టిన తరువాత ఒక పచ్చి రొయ్య ముక్కను వేసి, గాలి బుడగలు పెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా వదిలేయండి. అమ్మోనియా పెరుగుతుంది, తగ్గుతుంది. తరువాత నైట్రైటు పెరుగుతుంది, తగ్గుతుంది. పరీక్షలో రెండూ సున్నా అయ్యాకనే చేపను తేవాలి. నారు పోయకుండా నాట్లు వేయలేము గదా. ఇదీ అంతే.

మరి మిగిలిన నైట్రేటు సంగతేమిటి? దమ్ము చేసిన పొలంలో పైపైన యూరియా చల్లవద్దని, బురదలో కలిసేటట్లు వేయమని మేము మీకు చెబుతూ వుంటాము. ఎందుకంటే పైపొరలో తయారైన నైట్రేటు గాలి ఆడని లోపలి బురదలోకి దిగి, నత్రజని వాయువై ఎగిరిపోతుంది. పొలంలో అది రైతుకు నష్టం. తొట్టిలో అదే లాభం! ఇసుకను నాలుగైదు అంగుళాల మందాన పరచి కదపకుండా వుంచితే లోపలి పొరలో గాలి ఆడదు. అక్కడ నైట్రేటు వాయువై పోతుంది. దీనికి తోడు పదిహేను రోజులకొకసారి 60, 70 లీటర్ల నీటిని మార్చాలి. నీటిలోని జిడ్డును తీయడానికి స్కిమ్మర్ అనే సాధనం వుంది. బెల్లం పెనం మీద తేలిన మడ్డిని తీసినట్లు, అది సన్నని బుడగలతో మురికిని నురగగా పైకి తెచ్చి వేరుచేస్తుంది.

తొట్టిలో చేపలు దాక్కునేందుకు దిబ్బ కావాలి. “పగడపు దిబ్బ పెడదాం” అంటారు కుర్రవాళ్లు. అందం దానిదే, కాదనను. కాని వినండి. దిబ్బలు కట్టే పగడాలను, సముద్రపు విసనకర్రలను, నీటిగుర్రాలను 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి వున్న షెడ్యూలే అది. సముద్రం నుంచి బతికినదైనా చచ్చినదైనా ఒక్క ముక్క తేవడం నేరం. చట్టం మాట అటుంచినా, అరచేతి వెడల్పు పగడం పెరగడానికి ఏళ్లు పడుతుంది. దానిని పెకలించి మన గదిలో చంపుకోవడం న్యాయమా? నేను మా వూరి కుమ్మరి చేత రంధ్రాలున్న కుండలు, గొట్టాలు, వంకర పెంకులు కాల్పించి దిబ్బ పేర్చాను. రంగు వేయించలేదు. ఆరు నెలల్లో నాచు పట్టి అది రాయో కుండో తెలియకుండా పోయింది.

చేపల్లో క్లౌన్ చేప, డామ్సెల్ చేప మొదటివారికి అనువైనవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు వీటిని హేచరీలో పుట్టించే పద్ధతిని రూపొందించారు. సముద్రంలో పట్టినవాటికంటె హేచరీలో పుట్టినవి మేతకు తొందరగా అలవాటుపడతాయి. క్లౌన్ చేపల్లో పెద్దది ఆడది. అది చనిపోతే మగదే ఆడదిగా మారుతుంది! కుండ పెంకు మీద గుడ్లు పెడితే వారం రోజులపాటు తండ్రి చేప రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. మా పిల్లలు దాని ముందు నుంచి కదలరు.

మొదట రెండే చేపలను వదలండి. నెలకొకటి చొప్పున పెంచి, ఈ తొట్టిలో ఎనిమిది, పది చిన్న చేపల దగ్గర ఆగండి. కొత్త పశువును మందలో కలిపే ముందు వేరే కట్టేస్తారు గదా. అలాగే కొత్త చేపను వేరే తొట్టిలో నాలుగు వారాలు వుంచండి. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయండి. మైలుతుత్తం, రాగి మందులు పెద్ద తొట్టిలో పడకూడదు. రాగి నత్తలను, రొయ్యలను చంపుతుంది. పొలంలో పురుగుమందు కొట్టి వచ్చిన చేతిని తొట్టిలో పెట్టవద్దు. తొట్టి వున్న గదిలో దోమల మందు కొట్టవద్దు. ఇత్తడి, ఇనుప పాత్రలు వాడవద్దు. ఉప్పునీరు, కరెంటు పక్కపక్కన వుండే చోట ఇది. లీకేజీ వస్తే ఆపే బ్రేకరు, మంచి ఎర్తింగు తప్పనిసరి. నీటిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆపండి.

వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటుతుంది. నీటి పైతట్టు మీద చిన్న ఫాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కూజాలో నీరు చల్లబడ్డట్టే.

ఇక చివరి మాట, కరెంటు గురించి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి నేలకొరిగాయి. ఆ రోజు నుంచి నేను పంట నష్టం రాయడానికి వూళ్లమ్మట తిరుగుతున్నాను. మా ఇంట్లో తొమ్మిది రోజులు కరెంటు లేదు. చేపల సంగతి నాకు గుర్తుకూడా లేదు. రెండో రోజు రాత్రి ఇంటికి వచ్చేసరికి మా అమ్మ తొట్టి పక్కన ముక్కాలిపీట వేసుకుని, చెంబుతో నీరు ముంచి ఎత్తునుంచి తిరిగి పోస్తూ కూర్చుంది. “గాలి ఆడక నోళ్లు తెరుస్తున్నాయిరా. నాకు తెలిసింది ఇదే” అంది. ఆ ముందురోజు పొద్దుటి నుంచి అమ్మ, మా ఆవిడ వంతులు వేసుకుని పోస్తున్నారట. తొమ్మిది చేపల్లో ఆరు మిగిలాయి. మర్నాడు ఒక రొయ్యల రైతు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఇచ్చాడు.

ఆ రోజు తెలిసిన సంగతులు ఇవి. బ్యాటరీ గాలి పంపులు రెండు సిద్ధంగా వుంచుకోవాలి. కరెంటు లేనన్నాళ్లూ మేత ఆపాలి. చేప కొద్దిరోజులు పస్తుండగలదు, ఊపిరి లేకుండా వుండలేదు. ఆగిపోయిన ఫిల్టరులోని నీరు కుళ్లుతుంది గనుక దానిని పారబోసి, కడిగి, ఆ తరువాతే తిరిగి నడపాలి.

వ్యాపారంగా చేయదలచినవారికి ఒక సలహా. ఇంత తొట్టికి సరంజామాతో లక్ష రూపాయలు సులువుగా దాటుతుంది. అప్పు చేసి దిగవద్దు. ముందు ఒక ఏడాది ఆరు చేపలను బతికించి చూపండి. తరువాత విశాఖపట్నంలోని సముద్ర మత్స్య పరిశోధనా కేంద్రాన్ని, జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్ని కలుసుకోండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రంగు చేపల పెంపకానికి కూడా సాయం చేర్చారు. దరఖాస్తు చేసే ముందు నియమాలు కనుక్కోండి. తోటి విస్తరణ సిబ్బందికి నా మనవి ఒక్కటే. కుర్రవాడు వచ్చి అడిగితే “మన శాఖ కాదు” అని పంపివేయకండి. యూరియా సంగతి తెలిసిన మనకు ఈ తొట్టి సంగతీ తెలిసినట్టే.

ఆనాటి ముసలాయన మాట విని వుంటే నా ఏడు చేపలూ ఒకేసారి పోయేవి కావేమో. మరుసటి ఎండాకాలంలో వెళ్లి ఆయన పడవలోనే నీరు తెచ్చుకున్నాను. మీరు కూడా సముద్రాన్ని ఇంటికి తెచ్చుకునే ముందు, సముద్రం మీద బతికినవారిని ఒక్కమాట అడగండి.