ఋణము తీర్చలేనివానికి మార్గమేది?



మన పల్లెలలో "వాడు ఐ.పి. పెట్టినాడు" అను మాట యొకటి కలదు. ఇన్సాల్వెన్సీ పిటీషను, అనగా దివాలా అర్జీ, అను దానికి అది కుదింపు. కాని జనులు దానిని తిట్టుగా వాడుచున్నారు. పదిమంది సొమ్ము చేర్చుకొని, దానిని దాచి, పిదప న్యాయస్థానమున చేతులెత్తినవారి వలన ఆ మాటకీ దుర్గతి పట్టినది. అందువలన నిజముగా చితికిపోయిన రైతు సైతము ఆ పేరు తనకు వచ్చునని జడిసి, చట్టమిచ్చు రక్షణను కోరక, ఊరు విడుచుటకో, తుదకు ప్రాణము విడుచుటకో తెగించుచున్నాడు. మోసగానిని, చితికినవానిని వేరుచేసి చూచుట పెద్దల ధర్మము. అందుకు వలయు సంగతులనే నేడు మనవి చేసెదను.

మొదట వడ్డీ లెక్క చూతము. బోరుబావికై యొకరైతు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చెననుకొందము. ఏడాదికి వడ్డీ 72,000 రూపాయలు. మూడేండ్లు నిండులోపలనే వడ్డీ అసలును మించును. అంతే మొత్తము పంటఋణముగా బ్యాంకులో తీసికొనినచో నూటికి ఏడు చొప్పున ఏడాదికి 14,000. గడువులోపల చెల్లించినవానికి నూటికి మూడు తగ్గింపుపోను నూటికి నాలుగే. నీరు పడని బావికంటె ఈ భేదమే రైతును లోతునకు దించుచున్నది. 2014లోను, 2024లోను తెలంగాణ ప్రభుత్వము చేసిన మాఫీలు బ్యాంకుల పంటఋణములకే చెల్లినవి. షాహుకారు నోటును అవి తాకలేదు.

కావున అప్పు మీరిపోవుచున్నదని తోచిన నాడే చేయవలసిన పనులు కొన్ని కలవు. ఎవరికెంత, ఏ పత్రముపై, ఏ వడ్డీకి, ఇంతవరకు చెల్లించినదెంత అను పట్టిక వ్రాసికొనవలెను. అనావృష్టి వంటి విపత్తు ప్రకటింపబడిన యెడల పంటఋణపు గడువు పొడిగించుటకు రిజర్వు బ్యాంకు నియమములలో వీలున్నది. దానిని అడిగి పొందవలెను. ఖాళీ నోటుపై సంతకము చేయరాదు. చేసినచో దానిని నింపు అధికారమును ఎదుటివాని చేతికిచ్చినట్లే. నోటు తిరుగ వ్రాసినను, కొంత చెల్లించి దానిపై వ్రాసినను మూడేండ్ల కాలపరిమితి మరల మొదలగునని ఎరిగియుండవలెను. వడ్డీ వ్యాపారము చేయువాడు లైసెన్సు పొంది లెక్కలుంచవలెనని 1349 ఫసలీ నాటి హైదరాబాదు చట్టమే విధించినది.

తరువాతిది రాజీ మార్గము. 1987 నాటి చట్టము ప్రకారము ఏర్పడిన లోక్ అదాలతులో అప్పులవారును, బాకీదారుడును కూర్చుండి వాయిదాలు కుదుర్చుకొనవచ్చును. అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు. దావా పడియున్నచో కట్టిన కోర్టు రుసుము తిరిగివచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను చాలును.

ఇవేవియు ఫలింపనప్పుడు మిగులునది దివాలా అర్జీ. 2016లో దేశమునకు నూతన దివాలా స్మృతి వచ్చినను, వ్యక్తులలో కంపెనీల అప్పులకు హామీయున్నవారికి మాత్రమే దానిని 2019 డిసెంబరు 1 నుండి అమలుపరచిరి. కనుక సామాన్య రైతునకు 1920 నాటి చట్టమే దారి. అప్పులు 500 రూపాయలకు తక్కువ కాక, తీర్చు శక్తి లేనివాడు అర్జీ పెట్టుకొనవచ్చును. న్యాయస్థానము అతనిని దివాలాదారునిగా ప్రకటించిన పిమ్మట ఆస్తి రిసీవరు వశమై అప్పులవారందరికి పాలు ప్రకారము పంచబడును. కోర్టు అనుమతి లేక ఎవ్వరును విడిగా దావా వేయరాదు. తుదకు విడుదల ఉత్తరువు పొందినవాడు ఆ పాత అప్పులనుండి విముక్తుడగును. అయితే తాకట్టు పట్టినవాని హక్కు తాకట్టుపై నిలిచియే యుండును. ప్రభుత్వపు బాకీలును, మోసముతో చేసిన అప్పులును తొలగవు.

ఇచ్చటనే మోసగానికిని, చితికినవానికిని గల గీటు కనబడును. అర్జీకి ముందు పొలమును బావమరది పేర వ్రాసినచో, రెండేండ్లలోపు జరిగిన అట్టి వట్టి బదిలీలను న్యాయస్థానము రద్దుచేయగలదు. లెక్కలు దాచినవానికి ఏడాదివరకు జైలుశిక్ష పడవచ్చును. కాబట్టి ఐ.పి. అనునది దాగుకొను చోటు కాదు. ఉన్నదంతయు పదిమంది ముందు పెట్టి లెక్క ఒప్పగించు చోటు.

చితికినవాని బ్రతుకు మిగులునా యని కొందరడుగుదురు. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము వంటపాత్రలు, కట్టుబట్టలు, రైతు నివసించు ఇల్లు, జీవనమునకు వలసిన నాగలి, ఎడ్లు, విత్తనపు గింజలు జప్తునకు రావు. ఇల్లు తాకట్టు పెట్టినచో మాత్రము దానికిది వర్తింపదు. డబ్బు డిక్రీకై స్త్రీని నిర్బంధింపరాదు. చెల్లించు శక్తి లేని నిజాయితీపరుని అప్పుకై చెరసాలకు పంపరాదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యములో తీర్పు చెప్పినది. వసూలుకై వచ్చు బ్యాంకు మనుషులు ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను ఫోను చేయుట రిజర్వు బ్యాంకు నిషేధించినది.

నిజాముల యేలుబడిలో అప్పు తీరనివాడు భగేలాగా షాహుకారు ఇంట తరతరాలు చాకిరి చేసెడివాడు. 1936లో హైదరాబాదు ప్రభుత్వము ఆ కట్టుబాట్లను నియంత్రించు శాసనము చేసినది; 1976లో దేశమంతట వెట్టిచాకిరి రద్దయి, దానికి మూలమైన అప్పులును రద్దయినవి. అప్పునకు మనిషిని బదులు పెట్టరాదను న్యాయము అంత కష్టపడి సంపాదింపబడినది. నేడు చితికిన రైతు తన ప్రాణమునే బదులుగా పెట్టుచుండ మనము చూచుచు ఊరకుందుమా?

పెద్దలారా! మీ ఊరిలో నెవడైన నలుగురిలో తల యెత్తక తిరుగుచున్నచో, రచ్చబండ వద్ద వాని పేరెత్తి నవ్వకుడు. ఇంటికి పోయి పట్టిక వ్రాయించుడు. అప్పులవారిని పిలిచి కూర్చుండబెట్టుడు. కుదరకున్నచో మీరే తోడుగా మెదకులోని న్యాయసేవా కార్యాలయమునకు కొనిపొండు. పెద్దవాని తోడున్న అర్జీని ఊరు తిట్టుగా తీసికొనదు. అప్పులవానికి రావలసిన పాలు వానికి చేరును. ఇంటిదీపము ఇంట నిలుచును.