ద్వారం దగ్గరి లెక్క



ఈ పాఠశాలలో చదివినవారెవరూ నీటితొట్టి లెక్కలను మరచి ఉండరు. ఒక గొట్టం నింపుతుంది, మరొకటి ఖాళీ చేస్తుంది. తొట్టి ఎప్పటికి నిండుతుంది? వచ్చేదెంత, పోయేదెంత అన్నది తెలియనిదే జవాబు రాదు. వెంట్రుకంత సన్నని నాళంలో ద్రావితం ఎలా పయనిస్తుందో కంప్యూటరుపై గణించే శాస్త్రజ్ఞునికీ ఇదే అవసరం. అంచుల వద్ద ఏమి జరుగుతుందో తెలిపే ఆ షరతులకు సరిహద్దు నియమాలని పేరు.

అంత చిన్న నాళంలో నీరు సాధారణంగా సుడులు తిరగదు, పొరలుపొరలుగా సాగుతుంది. అడ్డంగా కలయిక వ్యాపనం వల్లనే జరగాలి. వ్యాపన గుణకం సెకనుకు 1,000 చదరపు మైక్రాన్లు ఉన్న చిన్న అణువు 100 మైక్రాన్లు దాటడానికి సుమారు 5 సెకన్లు చాలు. ఒక సెంటీమీటరు దాటడానికి దాదాపు 14 గంటలు పడుతుంది.

చిక్కు ప్రవేశద్వారం దగ్గర వస్తుంది. అక్కడ గాఢత ఇంత అని స్థిరపరచడం సులభం కనుక చాలామంది అదే చేస్తారు. నాళంలో ద్రావితం ఖర్చవుతూ ఉంటే లోపలికి పోనుపోను గాఢత తగ్గుతుంది. అప్పుడు ప్రవాహం తెచ్చేదానికి తోడు వ్యాపనం కూడా ద్వారం గుండా ద్రావితాన్ని లోనికి లాగుతుంది. పంపు పంపనిది లెక్కలో చేరుతుంది! ద్వారం వద్ద గాఢతను కాక, ప్రవాహమూ వ్యాపనమూ కలిసి లోనికి చేర్చే మొత్తాన్ని నిర్ణయించే నియమం పి.వి. డాంక్‌వర్ట్స్ 1953 నాటి వ్యాసం వల్ల ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. 1940లో లండనుపై పడిన మైన్లను నిర్వీర్యం చేసి జార్జి క్రాస్ పొందిన ధీరుడు ఈయనే.

అన్నిచోట్లా ఈ భేదం కనిపించదు. వేగాన్ని పొడవుతో గుణించి వ్యాపన గుణకంతో భాగిస్తే పెక్లే సంఖ్య వస్తుంది. సెకనుకు ఒక మిల్లీమీటరు వేగం, ఒక సెంటీమీటరు పొడవు అయితే అది 10,000. ఏ నియమం రాసినా దాదాపు ఒక్కటే. సెకనుకు 10 మైక్రాన్ల వేగంతో, ద్వారానికి 100 మైక్రాన్ల దూరంలోనే చర్య జరిగితే అది 1కి దిగుతుంది, జవాబు మారిపోతుంది. బాగా కలియబెట్టిన పెద్ద పాత్ర నుంచి నేరుగా నాళం మొదలైతే మాత్రం స్థిర గాఢతే సబబు.

గోడల సంగతి మరింత మోసకరం. గోడ దేనినీ పీల్చదని రాసేయడం రివాజు. ఇలాంటి పరికరాలకు విరివిగా వాడే పి.డి.ఎం.ఎస్. అనే సిలికోను రబ్బరు, నీటితో పొసగని చిన్న అణువులను తనలోకి పీల్చుకుంటుందని టోప్కే, బీబీ 2006లో చూపారు. ఆ నాళంలో పెంచిన కణాలపై మందును పరీక్షించేవారు దీనిని విస్మరిస్తే, కణాలకు అందే మోతాదు కాగితంపై ఉన్నదానికన్నా తక్కువ. పనిచేసే మందు పనిచేయనిదిగా తోచవచ్చు.

నిష్క్రమణ ద్వారం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ గాఢత ఇక మారదని రాసి, ఆ హద్దును చర్య జరిగే చోటికి దూరంగా ఉంచితే చాలు. గణన ముగిశాక ద్వారం గుండా చేరిన ద్రావితం పంపు పంపినదానితో సరిపోయిందా, అందులో పోయినదీ ఖర్చయినదీ మిగిలినదీ తేలుతున్నాయా అని కూడి చూడాలి. తేలకపోతే, తెరపై రంగుల చిత్రం ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టి మళ్ళీ ద్వారం దగ్గరి నుంచి మొదలుపెట్టవలసిందే.