మెట్ట బీళ్లను గూర్చి స్నాతకులతో

స్నాతకులారా!

కృషిశాస్త్రమున పట్టములు గైకొని నేడు వెడలుచున్న మీతో, కన్నుల పండువగు డెల్టా మాగాణులను గూర్చి గాక, ఎవ్వరును స్తుతింపని రాయలసీమ మెట్ట బీళ్లను గూర్చి ముచ్చటింప దలచితిని.

అనంతపురము సీమలో ఏటి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు కొలది దినములలోనే కురిసి పోవును. ఎర్రనేల లోతు తక్కువది: పెక్కుచోట్ల మూరెడు త్రవ్వునంతలో గులకరాళ్లును, శిథిలశిలయు పారకు తగులును. దున్నిన చేనిపై పెద్ద చినుకులు పడి, వెనువెంటనే ఎండ కాసెనేని, పైమన్ను పెచ్చుగట్టి, మొలక తల యెత్తలేక లోపలనే వంగిపోవును; అందులకే రైతు ముళ్లకంప నీడ్చి ఆ పెచ్చును పగులగొట్టును. ఆ చేని గట్టునకు ఆవల, గడ్డి దుబ్బు క్రింది మన్నును పెల్లగించి చూడుడు: వెండ్రుకలవంటి వేళ్ల నడుమ అది పొడిపొడిగా రాలును, చినుకు దెబ్బను ఆకులు సైచును గావున నీరు లోనికింకును.

ఈ భేదమును శిస్తు లెక్క లెఱుగవు. 1800లో ఈ సీమ దత్తమండలములను పేర ఈస్టిండియా కుంఫిణీ వశమై, మన్రో దొర కలెక్టరుగా భూములను కొలిపించిన నాటనుండియు దున్నిన నేలకే గౌరవము. గొల్లలును కురుబలును తరతరములుగా గొఱ్ఱెలను మేపుకొనుచు, రైతుల చేలలో మంద కట్టి ఎరువు నిచ్చి గింజలు గొనుటకు ఆధారమైన బీళ్లు మాత్రము కాగితముపై నిరుపయోగములు. ఏటేట వేరుసెనగ వేసి, వాన తప్పి, అప్పులు మిగిల్చిన పలుచని నేలలలో పెక్కింటికి గడ్డియే తగినదని నా నిశ్చయము. ఈ మాట నూనెగింజల వర్తకులకు రుచింపదు, కానిండు. బీడు కనబడినంతనే గుంటలు తీసి యూకలిప్టసు నాటుదమను ఉత్సాహమును నాకు సమ్మతము గాదు. బీడు తరిగిన ఏమగునో చూడుడు: నంద్యాల జిల్లా రోళ్లపాడున, గడ్డిబీళ్లలో బ్రతుకు బట్టమేక పక్షికై 1988లో అభయారణ్యము నేర్పరచిరి. చుట్టుపట్ల మేతబీళ్లు సేద్యమునకు లోనగుచు రాగా, నేడచ్చట ఆ పక్షి కానరాదు.

రేపు మీలో కొందఱు భూవినియోగ పటములపై సంతకము సేయు అధికారులగుదురు. ఇట్టి నేలను బంజరుగా వ్రాయుటకు ముందు, ఒక గుంట త్రవ్వి మన్నును చేతబట్టి చూడుడు. ఆ యూరి గొఱ్ఱెల కాపరిని పిలిచి, అచ్చట ఏ నెలలో ఎవరి మంద మేయునో అడుగుడు.