హైబ్రిడ్ వాహనాలలో బ్యాటరీ కరెంటు సెన్సరు లోపాలు: పరీక్షకు ముందు నింద తగదు
(సాంకేతిక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



 హైబ్రిడ్ కారు మరమ్మతుతో కార్మిక సంఘానికి పని యేమిటని కొందరు మిత్రులు అడిగినారు. కారణము చెప్పి విషయములోనికి పోదాము.

కొంతకాలము క్రిందట ఒక కార్యాలయములో అద్దెకు నడుస్తున్న హైబ్రిడ్ కారులో హెచ్చరిక దీపము వెలిగినది. గ్యారేజీవారు స్కానరు తగిలించి, ప్రధాన బ్యాటరీ చెడినదని తేల్చి, కొత్తది బిగించినారు. కొద్ది రోజులకే దీపము మరల వెలిగినది. ఈలోగా కాంట్రాక్టరు, డ్రైవరు అడ్డదిడ్డముగా నడిపినందువల్లనే బ్యాటరీ పాడైనదని చెప్పి, అతని జీతములో నెలనెలా కోత మొదలుపెట్టినారు. ఆ సోదరుడు మా వద్దకు వచ్చిన తరువాత, మన ఎలక్ట్రికల్ శాఖ మిత్రుల సాయముతో బండిని పరీక్ష చేయించినాము. లోపము బ్యాటరీలో లేదు. కరెంటును కొలిచే సెన్సరుకు పోయే కనెక్టరులో పచ్చని చిలుము పట్టి ఉన్నది.

ఇది ఎట్లా జరుగుతుందో తెలియవలెనంటే సెన్సరు చేసే పని తెలియవలెను. 2003లో వచ్చిన రెండవ తరము టొయోటా ప్రియస్‌ను ఉదాహరణగా తీసుకొందాము. దాని బ్యాటరీలో 7.2 వోల్టుల మాడ్యూళ్లు 28 ఉన్నవి, మొత్తము 201.6 వోల్టులు. సామర్థ్యము 6.5 ఆంపియర్-అవర్లు మాత్రమే. మన రైలు పెట్టెల 110 వోల్టుల బ్యాటరీలను చూచిన కళ్లకు ఇది చాలా చిన్నదిగా తోచును. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలో చార్జి సగానికి అటూ ఇటూ ఉన్నప్పుడు వోల్టేజీ పెద్దగా మారదు. కనుక వోల్టేజీని చూచి ఎంత మిగిలినదో చెప్పుట సాధ్యము కాదు. లోనికి వచ్చిన కరెంటెంత, బయటకు పోయినదెంత అని క్షణక్షణము లెక్క వేయవలసినదే.

తపాలా సోదరులకు ఇది సులభముగా అర్థమగును. సేవింగ్స్ బ్యాంకు లెడ్జరులో జమ, ఖర్చు, నిల్వ ఉంటవి గదా. సెన్సరు కౌంటరు దగ్గర గుమాస్తా, కంప్యూటరు లెడ్జరు. గుమాస్తా ప్రతి పద్దులో ఒక రూపాయి తప్పు వ్రాసిన, సాయంకాలానికి నిల్వ ఎక్కడికి పోవును? సెన్సరు ఒక్క ఆంపియరు తేడాగా చూపిన, ఒక గంటలో ఒక ఆంపియర్-అవరు తప్పు పేరుకొనును. 6.5లో అది సుమారు 15 శాతము. ఆ బండి చార్జిని సుమారు 40 నుండి 80 శాతము మధ్యనే ఉంచుకొనవలెనని నిర్మింపబడినది. అందులో 15 శాతము తప్పు స్వల్పము కాదు.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. బ్యాటరీ ముసలిదైనదా అని కంప్యూటరు అంతర్నిరోధమును బట్టి అంచనా వేయును. 100 ఆంపియర్లు లాగినప్పుడు వోల్టేజీ 20 వోల్టులు పడినదనుకొందాము; నిరోధము 0.2 ఓము. సెన్సరు అదే కరెంటును 50 అని చూపిన, లెక్కలో నిరోధము 0.4 ఓము అగును. మంచి బ్యాటరీ కాగితము మీద ముసలిదై కూర్చున్నది! బ్యాటరీ మార్చుమని చెప్పే పి0ఏ80 కోడు వచ్చినప్పుడు, దానిని తీర్పుగా గాక ఫిర్యాదుగా మాత్రమే చూడవలెను.

సెన్సరు నిర్మాణము కష్టమైనది కాదు. పాత ఇంజన్లలో షంటు పెట్టి అమ్మీటరు తగిలించేవారు. ఇక్కడ కేబులు చుట్టూ ఒక ఇనుప వలయము, దాని సందులో ఒక హాల్ మూలకము ఉంటవి. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ధర్మము ఇదే. కేబులులోని కరెంటు అయస్కాంత క్షేత్రమును పుట్టించును. హాల్ మూలకము దానిని చిన్న వోల్టేజీగా మార్చును. బండిలో దానికి మూడు తీగలు: 5 వోల్టుల సరఫరా, భూమి, సంకేతము. కరెంటు సున్నా అయినప్పుడు సంకేతము 2.5 వోల్టులు. చార్జి అయినప్పుడు ఒక వైపు, ఖర్చయినప్పుడు రెండవ వైపు జరుగును.

కోడులలో పి0ఏబిఎఫ్ అనగా సెన్సరు సర్క్యూటు లోపము. పి0ఏసి0 అనగా కొలత పొసగకుండుట. పి0ఏసి1 సంకేతము మరీ తక్కువ, పి0ఏసి2 మరీ ఎక్కువ. కోడును, దానితో నిలిచిన వివరాలను వ్రాసుకొనక ముందే చెరిపివేయుట నేరస్థలమును కడిగివేయుట వంటిది. గ్యారేజీలలో ఇది నిత్యము జరుగుచున్నది.

పరీక్షకు ముందు రక్షణ. 25 వేల వోల్టుల తీగ క్రింద పనిచేసే మన వారికి పర్మిటు, ఎర్తింగు లేకుండ చేయి పెట్టరాదని చెప్పనక్కరలేదు. ఇక్కడ కూడ అంతే. బండి ఆపి, 12 వోల్టుల బ్యాటరీ నెగెటివును విప్పి, 1000 వోల్టులకు తగిన రబ్బరు తొడుగులు, గాలి ఊది చిల్లులు లేవని చూచి తొడిగి, సర్వీసు ప్లగ్గును తీయవలెను. తీసిన ప్లగ్గు పనిచేసే వాని జేబులోనే ఉండవలెను. మేస్త్రీ బల్ల మీద కాదు. ఇన్వర్టరులోని కెపాసిటర్లు ఖాళీ అగుటకు తయారీదారు చెప్పినన్ని నిమిషాలు, సాధారణముగా పది, ఆగి, మీటరుతో సున్నా చూచిన తరువాతనే ముందుకు పోవలెను.

అప్పుడు కనెక్టరును విప్పి చూడుడు. చిలుము, తడి, వంగిన పిన్ను కంటికే కనబడును. కనెక్టర్లు రెండు చివరల విప్పి, మూడు తీగలు తెగినవో, ఒకదానికొకటి తగిలినవో ఓము మీటరుతో చూడవలెను. తరువాత కనెక్టర్లు బిగించి, సర్వీసు ప్లగ్గు బయటనే ఉంచి, 12 వోల్టులు మరల కలిపి, తాళము వేసి, 5 వోల్టులు వస్తున్నవా, సంకేతము 2.5 దగ్గర ఉన్నదా చూడవలెను. ప్లగ్గు లేనందున ఇంటర్‌లాక్ కోడు ఒకటి కొత్తగా పడును. దానికి కంగారు అవసరము లేదు. సరఫరా, భూమి సరిగా ఉండి సున్నా కరెంటులో సంకేతము 2.5కు దూరముగా ఉన్న సెన్సరును అనుమానించవలెను. 5 వోల్టులే రాకున్న తీగలనో కంప్యూటరునో చూడవలెను. సెన్సరును తిరగవేసి బిగించిన, జమ ఖర్చుగాను ఖర్చు జమగాను కనబడును. దిశను కూడ సరిచూడవలెను. ఇంత చేసినను బ్యాటరీ వెలకు ఎన్నో వంతు కాదు.

అందువల్ల మేము కోరునది ఇది. ఈ కొలతలు వ్రాతమూలకముగా లేనిదే ఏ డ్రైవరు నుండి, ఏ మెకానిక్కు నుండి బ్యాటరీ సొమ్ము వసూలు చేయరాదు. తొడుగులు, శిక్షణ ఇవ్వనిదే నారింజ రంగు కేబులును ముట్టుమని ఎవరికీ ఆజ్ఞ ఇవ్వరాదు. మరమ్మతు సూచనలు పనివాడు చదువగల భాషలో ఉండవలెను. శాఖా కార్యదర్శులు ఇటువంటి కోతల వివరాలను కొలతల కాగితముతో సహా మాకు పంపవలెను. కాగితము లేని ఫిర్యాదుతో యజమాని ముందు కూర్చొనుట కష్టము.

మనము చెప్పిన డ్రైవరు సోదరునికి రెండు నెలల కోత తిరిగి వచ్చినది. మూడవ నెలది గురించి వ్రాసిన లేఖకు కాంట్రాక్టరు నుండి జవాబు రావలసియున్నది. టీ తరువాత, పాత బండి నుండి తీసిన సెన్సరును ఈ బల్ల మీద 5 వోల్టులతో నడిపి చూపుదుము. మీటరుకు ఇద్దరు చొప్పున కూర్చొనుడు.