కాయితం వస్తే చూరులో దోపొద్దు
(భూమి తగాదాలపై కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను చట్టం గురించి చెప్పమన్నారు. చట్టం మన పేటకి ఎప్పుడూ పోలీసు జీపులోనే వచ్చింది గనక, దాని పేరెత్తితే మనకి భయం. ఆ భయమే పెత్తందారుకి పెట్టుబడి.

మా చిన్నాన్న సంగతి చెప్తా. ఆయన ఎకరంన్నర సాగు చేసుకుంటుండగా ఒక భూస్వామి దావా వేశాడు. సమను వచ్చింది. చిన్నాన్న వేలిముద్ర వేసి తీసుకున్నాడు. చదువు రాదు, ఎవర్ని అడగాలో తెలీదు. తెచ్చి చూరులో దోపాడు. వాయిదా పోయింది. కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చింది. అమీనా పొలంలోకి దిగిన రోజున గాని మాకు తెలియలేదు. హక్కు లేక పోలేదు ఆ భూమి, కాయితం చూరులో ఉండబట్టి పోయింది.

అందుకని మొదటి మాట. కాయితం రాగానే ఎవరు పంపారో చూడండి. తాసీల్దారు పంపిందయితే ఒక దారి, కోర్టు పంపిందయితే ఇంకో దారి.

తాసీల్దారు నోటీసు 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద వస్తుంది. 7వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసివ్వాలి, మన జవాబు వినాలి. ఆ తర్వాతే 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించాలి. నోటీసు లేకుండా బుల్‌డోజరు తెస్తే అది చట్టం కాదు, దౌర్జన్యం. 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? భూమి ఎవరిదన్న దానిమీద నిజమైన తగాదా ఉంటే సర్కారు తనకు తానే తీర్పరి కాకూడదు, సివిల్ కోర్టుకి పోవాలి అంది. ఇక డి-పట్టా భూమిని సర్కారు ప్రజావసరమని వెనక్కి తీసుకుంటే? సొంతదారుకిచ్చినట్టే పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. "ఇది సర్కారు భూమి, నీకేమిస్తాం" అనే మాటకి ఇదీ జవాబు.

రెండోది కోర్టు దారి. పెత్తందారు ముందుగా అడిగేది ఇంజంక్షన్. "నేనే సాగులో ఉన్నాను, వీళ్ళు దౌర్జన్యం చేస్తున్నారు" అని రాయిస్తాడు. మనల్ని వినకుండానే తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకుంటాడు. తగాదా ముదురుతోందని తెలిసిన వెంటనే మీరు కోర్టులో కేవియట్ వేయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ అది. వేసిన నాటి నుంచి 90 రోజులు పనిచేస్తుంది. ఆ లోపల అవతలివాడు దరఖాస్తు పెడితే మనకి తెలియజేయాలి. గడువయితే మళ్ళీ వేసుకోవచ్చు.

ఉత్తర్వు వచ్చేసినా బెదిరిపోవద్దు. ఏకపక్ష ఉత్తర్వు ఇస్తే 30 రోజుల్లో ఆ దరఖాస్తు తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని 39వ ఆర్డరు 3ఎ రూలు చెప్తోంది. వెంటనే కౌంటరు వేయండి. అక్కడ ముఖ్యంగా చూసేది దావా వేసిన రోజున స్వాధీనం ఎవరిదని. అడంగల్, పహాణీ, శిస్తు రశీదు, ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు, పక్క చేనువాళ్ళ ప్రమాణపత్రాలు, అన్నీ పట్టుకుపోండి. దావా చివర షెడ్యూలు చదివించుకోండి. సర్వే నెంబరు తనది రాసి, హద్దుల్లో మన చెలక కలుపుకున్న ఘనులున్నారు.

అసలు దావాకి జవాబు సమను అందిన 30 రోజుల్లో వేయాలి. కోర్టు ఇంకా గడువిచ్చినా 90 రోజుల వరకే అనుకుని నడవండి. ఏకపక్ష డిక్రీ అయిపోతే రద్దు చేయమని 30 రోజుల్లో అడగాలి. బలవంతంగా దిగ్గొడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేయొచ్చు. అక్కడ పట్టా ఎవరిదని అడగరు, ఎవర్ని గెంటేశారన్నదే చూస్తారు. సర్కారు మీద మాత్రం ఈ దావా కుదరదు. దళితుణ్ణి అన్యాయంగా భూమి నుంచి గెంటడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా. పోలీసు స్టేషన్లోనూ ఫిర్యాదు రాసివ్వండి, నకలు దాచుకోండి.

"ప్లీడరుకి డబ్బులేవి?" అంటారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోనే న్యాయసేవల కమిటీ ఉంటుంది. ఇది బిచ్చం కాదు, హక్కు. ప్లీడరు దొరికాడని నిద్రపోవద్దు. వాయిదా వాయిదాకి మనిషి పోవాలి. ఖాళీ కాయితం మీద ఎవరు అడిగినా వేలిముద్ర వేయొద్దు.

కోర్టే మనల్ని గట్టెక్కిస్తుందని నేను చెప్పను. బాబాసాహెబ్ మీదే ఇంజంక్షన్ తెచ్చారు గదా! మహద్ చౌదార్ చెరువు నీళ్ళు మనవాళ్ళు తాగారని 1927 డిసెంబరులో అగ్రకులాలవాళ్ళు దావా వేసి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఆయన చెరువు దగ్గర సత్యాగ్రహం ఆపాడు, సభ మాత్రం ఆపలేదు. ఆ సభలోనే మనుస్మృతిని తగలబెట్టారు. కేసు వదల్లేదు. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పిచ్చింది. పదేళ్ళు! పదేళ్ళూ కాయితం చేతబట్టుకునే ఉద్యమం నడిపాడు.

మనమూ అదే చేద్దాం. ప్రతి పేటలో చదువొచ్చిన ఒక పిల్లో పిల్లాడో ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ ఇంటికి ఏ కాయితం వచ్చింది, ఏ తేదీన, వాయిదా ఎప్పుడు, అన్నీ రాయాలి. ఇవాళ ఇళ్ళకి పోగానే ముందు మీ చూరులు వెతకండి. దొరికిన కాయితం రేపు పొద్దున్నే సంఘానికి తీసుకురండి.

జై భీమ్!