పడవ ముందు, యంత్రము తరువాత



మన సిద్దిపేట పెద్దలు కోమటిచెరువు వంటి చెరువులలో తెప్పలమీద వలలు వేసి జీవించిరి. 2020లో 3 టి.ఎం.సి.ల రంగనాయకసాగరము, 2022లో 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగరము ప్రారంభమైనవి. అంతటి నీటిలో గాలి లేచినచో తెప్ప నిలువదు. కావున అల్యూమినియపు పడవ కావలెనని మేమును ఒప్పుకొనుచున్నాము. అది తుప్పు పట్టదు. అంతే మందముగల ఇనుపరేకు బరువులో మూడవవంతు మాత్రమే తూగును.

అయితే యంత్రపు జోరు చూచి మురిసి పడవను కొనరాదు. మనుష్యులు, వలలు, చేపలు, ఇంధనము, యంత్రము — ఈ బరువులన్నియు లెక్కించి పడవను ముందు ఎన్నుకొనవలెను. దానిని చేసినవారు చెప్పిన అశ్వశక్తికి మించిన యంత్రమును తగిలించినచో వెనుకభాగము క్రుంగి నీరు లోనికి వచ్చును. వెనుకపలక ఎత్తు 15 అంగుళములైన పొట్టికాడ యంత్రము, 20 అంగుళములైన పొడుగుకాడ యంత్రము సరిపోవును. కాడ చాలనిచో మర గాలిని పీల్చి పడవ సాగదు. మిక్కిలి పొడవైనచో మునిగియున్న మొద్దులకు తగులును.

ఒక్కనికి భారమైనది నలుగురికి సులభము. కూడి కొనుడు. తెడ్లను, లైఫ్ జాకెట్లను విడువకుడు. నడినీట యంత్రము ఆగినను మనవాడు ఇల్లు చేరవలెను. ఇదియే మా విన్నపము.