ఈద్ కార్డు, పిల్లల చేతి అచ్చు

(నాగోల్‌లో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. తెలుగులో మాట్లాడండి, సంచికలో తెలుగులోనే వేస్తాం అని కార్యదర్శిగారు ముందే షరతు పెట్టారు. ఆ షరతు సబబైనదే. నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చి నాగోల్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్లలో స్థిరపడిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. వారిలో చాలామందికి ఉర్దూ మాట నోటికి వస్తుంది, అక్షరం చేతికి రాదు. మా బడి పిల్లల సంగతి దీనికి తలకిందులు. ఉర్దూ గడగడా రాస్తారు, ఎదురింటి తలుపు మీది తెలుగు పేరు చదవడానికి కూడబలుక్కుంటారు. ఈ రెండు లోట్లకూ పండుగ పూట చేయగలిగిన చిన్న పని ఒకటున్నది. అది పిల్లలు ఇంట్లో అచ్చులు కోసి, రంగులు నింపి, చేత్తో తయారుచేసే ఈద్ కార్డు. మాకిచ్చిన సమయం దాని గురించే వాడుకుంటాం.

పండుగనాడు ఫోను తెరిస్తే ఏముంటుందో మీకు తెలుసు. బంగారు మసీదు, మెరిసే నెలవంక, లాంతరు. అదే బొమ్మ బావగారి నుంచి, అదే బొమ్మ కిరాణా దుకాణంవారి నుంచి. అందులో మన పేరుండదు, పంపినవారి చేవ్రాలుండదు. ఫోను నిండిపోయిందని సాయంత్రానికి అన్నీ తుడిచేస్తాం. పంపినవారి ప్రేమను మేము శంకించడం లేదు. కానీ దాచుకోవడానికి ఏమీ మిగలదు గదా!

గ్రీటింగు కార్డు మనది కాదు, దొరలది అని కొందరు పెద్దలంటారు. మొదట అది నిజమే. అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన వేయించాడు. బొమ్మ గీసినవాడు హార్స్‌లీ. రైళ్ళూ తపాలా మన దేశంలో పెరిగినాక ఆ అలవాటును మనవాళ్ళు తమదిగా చేసుకొన్నారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే లాహోరు, ఢిల్లీ, బొంబాయి ప్రెస్సులవారు ఈద్ కార్డులు అమ్మేవారు. ఆ తరువాతి సంగతి మనం కళ్ళతో చూసిందే. 1990లలో రంజాన్ చివరి పది రోజులూ పాతనగరంలో బండ్ల మీద, తాళ్ళ మీద ఈద్ కార్డులు వేలాడేవి. పిల్లలు ఈదీ డబ్బు రాకముందే అప్పు చేసి కొనేవారు. సెల్‌ఫోను వచ్చింది, బండ్లు పోయాయి.

కార్డు పోతే పోయింది, ఏం కొంప మునిగింది అనవచ్చు. మాకు కార్డు మీద పెద్ద మమకారం లేదు. కానీ దానితోపాటు ఇంకొకటి పోయింది. మన ఇళ్ళలో ట్రంకు పెట్టెలు తీసి చూడండి. తాతగారు రాసిన ఉత్తరాలుంటాయి. జిద్దా నుంచి, దుబాయి నుంచి మామయ్య రాసిన నీలం కవర్లుంటాయి. వాటిని చదవగలిగిన మనవలు ఎన్ని ఇళ్ళలో ఉన్నారు? 2017లో ఉర్దూను తెలంగాణ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష చేశారు. సంతోషమే. ఆఫీసు బోర్డు మీద ఉర్దూ ఉన్నది, ఇంట్లో దాదీజాన్ పేరు ఉర్దూలో రాయమంటే ఇంగ్లీషు మీడియం మనవడు మన మొగం చూస్తాడు. తెలుగులో రాయమంటే మా బడి పిల్లవాడూ అట్లాగే చూస్తాడు. సంవత్సరానికి ఒక్కసారైనా ఒక మనిషి పేరును ఆ మనిషి చదువుకొనే లిపిలో తప్పు లేకుండా రాయవలసిన అవసరం పిల్లలకు కలగాలి. పాఠ్యపుస్తకం ఆ అవసరాన్ని పుట్టించలేదు. పండుగ పుట్టిస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. ముందు కాగితం. 22 అంగుళాలు 28 అంగుళాల డ్రాయింగు షీటు ఒకటి తీసుకొంటే, 11 అంగుళాలు 7 అంగుళాల ముక్కలు సరిగ్గా ఎనిమిది వస్తాయి, పిసరంత వృథా ఉండదు. ముక్కను మధ్యకు మడిస్తే కార్డు. నున్నగా మెరిసే కాగితం వద్దు, దాని మీద అచ్చు సిరా ఆరదు. మడిచేముందు స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన పెన్నుతో ఒక గీత నొక్కండి, మడత చీలకుండా వస్తుంది. చదరపు మీటరుకు 250 గ్రాముల మందం కాగితమైతే ఒక కార్డు పన్నెండు, పదమూడు గ్రాములు తూగుతుంది. కవరుతో కలిపి 20 గ్రాముల లోపే ఉంటుంది, మామూలు ఉత్తరంగా పోతుంది. అద్దాలూ పూసలూ చమ్కీలూ అతికించారంటే బరువూ పెరుగుతుంది, తపాలావారి ముద్ర కింద అవి నలుగుతాయి కూడా.

ఇప్పుడు మడత ఏ పక్కన ఉండాలి? తెలుగు కార్డుకు మడత ఎడమవైపు, ఉర్దూ కార్డుకు కుడివైపు. ఛత్తా బజార్‌లో అచ్చయిన పెళ్ళిపత్రికలు చూసినవారికి ఇది తెలుసు. చూడనివారు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి ఆటోలో వెళ్ళి చూసి రావచ్చు. ఒకే మడత ఉన్న కాగితాన్ని తెలుగు ముఖం పైకి పెట్టండి, మడత ఎడమ పక్కన ఉంటుంది. దాన్నే తిరగేయండి, మడత కుడి పక్కకు వచ్చి ఉర్దూ ముఖం సిద్ధం! ఏ పక్కనుంచి తెరిచినా లోపల అవే రెండు పుటలు. కుడి పుటలో తెలుగు, ఎడమ పుటలో ఉర్దూ రాస్తే ఇద్దరు పాఠకులకూ మొదటి చూపు తమ లిపి మీదే పడుతుంది. ఒకరి లిపి ముందూ మరొకరిది వెనకా అన్న పేచీ లేదు. నాగోల్‌లాంటి చోట, పక్కింటి పిన్నిగారికీ దాదీజాన్‌కూ ఒకే పద్ధతి కార్డు ఇవ్వవలసినప్పుడు, ఇంతకంటె మంచి ఏర్పాటు మాకు తోచలేదు.

అచ్చుల సంగతి. వీటి కోసం దుకాణానికి పోనక్కరలేదు. ముదిరిన బెండకాయను అడ్డంగా కోసి అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. బంగాళాదుంపను సగానికి కోసి నక్షత్రం చెక్కవచ్చు, అయితే కోసిన ముఖాన్ని గుడ్డతో తుడిచి తడి పోగొట్టాలి. అరిగిన హవాయి చెప్పు అట్ట కత్తెరకు తెగుతుంది, నెలవంకకు అది బాగు. అగ్గిపెట్టెకు దారం చుట్టి అద్దితే జాలీ నమూనా వస్తుంది. అన్నిటికంటె నాణ్యమైన అచ్చు పెన్సిలు తుడిచే రబ్బరుతో వస్తుంది. మెహందీ పెట్టే ఆడపిల్లలు ఈ పనిలో మా మగపిల్లల కంటె చాలా ముందుంటారు. తీగ ఎట్లా వంగాలో, ఆకు ఎక్కడ మొలవాలో వారి చేతికి ముందే తెలుసు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం. పదేళ్ళలోపు వారి చేతికి బ్లేడు ఇవ్వవద్దు. గీయడం వాళ్ళది, కోయడం పెద్దలది.

అచ్చు మీద అక్షరం తిరగబడి ఉండాలి గదా, పిల్లలకు ఎట్లా వస్తుంది అని అడుగుతారు. తిప్పి రాయనక్కరలేదు. కాగితం మీద మెత్తని పెన్సిలుతో మామూలుగా రాసి, రాసిన వైపు రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే అక్షరం దానంతటదే తిరగబడి దిగుతుంది. దాన్ని వదిలేసి చుట్టూ చెక్కితే అచ్చు సరిగ్గా పడుతుంది. ఈద్ ముబారక్ అన్న మాటకు ఉర్దూలో నాలుగు ముక్కలు చాలు. ఐన్, యే, దాల్ కలిసి ఒకటి, మీమ్, బే, అలిఫ్ కలిసి ఒకటి, రే విడిగా, కాఫ్ విడిగా. తెలుగులోనైతే ఆరు.

ఈ ముక్కల లెక్క చిన్నది కాదు. నస్తాలీఖ్ లిపిలో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకొంటుంది, పైనుంచి కిందికి జారుతూ పోతుంది. అందుకే సీసం అచ్చులకు లొంగక, ఉర్దూ పత్రికలను ఎంతో కాలం కాతిబులు చేత్తో రాసి రాతి అచ్చు వేయవలసి వచ్చింది. 1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్ పేరిట ఆ లిపిని యంత్రంలోకి ఎక్కించినప్పుడు సుమారు 20 వేల కూడిక రూపాలు తయారుచేయవలసి వచ్చింది. 1990ల తరువాత కంప్యూటరు వచ్చి ఛత్తా బజార్ కాతిబుల చేతి పని చాలావరకు ఊడగొట్టింది. మద్రాసులో 1927లో మొదలైన ముసల్మాన్ దినపత్రిక మాత్రం కంప్యూటరు కాలంలోనూ చేతిరాతతోనే వెలువడి పేరు తెచ్చుకొన్నది. అమెరికాలోనూ 2001 సెప్టెంబరు 1న ఈద్ తపాలా బిళ్ళ విడుదలైతే, దాని మీది అక్షరాలు మహమ్మద్ జకరియా అనే ఖుష్‌నవీసు రాసినవే. అంత పెద్ద తపాలా శాఖ కూడా ఆ రెండు మాటల కోసం ఒక కలం దగ్గరికి పోవలసి వచ్చింది.

ముందు అంచు అచ్చు వేసి, తరువాత రంగు నింపడం అన్న పద్ధతి కూడా పరాయిది కాదు. మచిలీపట్నం దగ్గరి పెడనలో టేకు చెక్క అచ్చులతో బట్ట మీద చేసేది ఇదే. బెల్లం నీళ్ళలో తుప్పుపట్టిన ఇనుము నానబెట్టిన నల్ల రంగుతో గీత అచ్చు పడుతుంది, పటికతో ఎరుపు పలుకుతుంది, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం వారి రేవు. అక్కడి బట్ట మీద ఇరానీ పూలతీగలూ మెహరాబులూ వెలిశాయి. కలంకారీ అన్న మాటలోని ఖలమ్ మన ఖలమే. మన పిల్లలు చెప్పు అట్టతో చేసేది ఆ పనికి మునిమనవరాలు.

రంగు దగ్గర తొందర పనికిరాదు. ఆఫీసుల్లో వాడే ఊదా రంగు స్టాంపు ప్యాడు సిరా చాలా నెమ్మదిగా ఆరుతుంది. దాని మీదికి నీటి స్కెచ్ పెన్ను పోనిచ్చారంటే గీత కరిగి పసుపు రంగు బురద అవుతుంది, పెన్ను మొన కూడా పాడవుతుంది. దీనికి మూడు మార్గాలు. అచ్చు వేసి ఒక రాత్రి వదిలేయాలి, లేదా ముందు రంగు వేసి ఆరినాక పైన అచ్చు వేయాలి, లేదా గీతకు వెంట్రుక వాసి ఎడంగా రంగు ఆపాలి. మేము రెండోదాన్నే ఇష్టపడతాం, పిల్లలకు ఓపిక తక్కువ గనుక. స్పిరిటు మార్కర్లయితే కాగితం వెనక్కి దిగుతాయి. అవతలి వైపు ఉర్దూ ముఖం ఉన్నదని మరిచిపోకూడదు! వాటిని వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి, ముందు చిత్తు కాగితం మీద చూసుకోవాలి. లేత రంగు ముందు, ముదురు తరువాత. ఒకే చోట నాలుగుసార్లు రుద్దితే కాగితం పొట్టు లేస్తుంది. ఇంకొక చిట్కా ఉన్నది. పాలప్యాకెట్టు ప్లాస్టిక్ మీద స్కెచ్ పెన్ను గీకి, తడి కుంచెతో ఎత్తి పూస్తే నీటిరంగుల పెట్టె కొన్నంత పని జరుగుతుంది.

నెలవంక గురించి ఒక మాట. ఫోను బొమ్మల్లో చంద్రుడు నిటారుగా నిలబడి ఉంటాడు, కొమ్ముల మధ్య నక్షత్రం మెరుస్తుంటుంది. మూసీ వంతెన మీద నిలబడి పడమటికి చూసినవారికి తెలుసు, మన వైపు ఈద్ చంద్రుడు దాదాపు పడవలా వెల్లకిలా పడుకొని ఉంటాడు. వెలుగు అంచు ఎప్పుడూ సూర్యుడు దిగిన వైపే. కొమ్ముల మధ్య ఖాళీగా కనిపించేది చంద్రుడి చీకటి భాగమే, అందులో నక్షత్రం కనిపించే వీలే లేదు. పిల్లలు తాము చూసిన చంద్రుణ్ణే అచ్చు వేయాలని మా పట్టుదల. నక్షత్రం కావాలంటే పక్కన వేసుకోవచ్చు, అడ్డు చెప్పం.

లోపలి రాత మాత్రం అచ్చుతో కాక చేత్తోనే రాయాలి. ఉర్దూకు ఏటవాలు మొన ఉన్న మార్కరు తీసుకోండి. రెల్లు ఖలం లాగే పట్టుకొన్న కోణాన్ని బట్టి లావూ సన్నమూ పలుకుతుంది. కాతిబుల కొలత నుఖ్తా, అనగా ఆ మొనతో వేసిన ఒక చుక్క. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు నుఖ్తాలు. మూడు చుక్కలు ఒకదానిపై ఒకటి పెట్టి పక్కన అలిఫ్ గీయించండి, రాత వారంలో దారికి వస్తుంది. తెలుగుకు గుండ్రని మొన మేలు, ఆ అక్షరాల గుండ్రనకు ఏటవాలు మొన తడబడుతుంది.

ఇది ఫుజూల్ ఖర్చు కాదా అని ఒక బుజుర్గు మమ్మల్ని అడిగారు. షీటు ఒకటి, ఇంట్లో ఉన్న స్కెచ్ పెన్నులు, వంటింటి బెండకాయ. ఇందులో దుబారా మాకు కనబడలేదు. మరికొందరు ఈ కార్డులు అమ్మి ఫీజుల నిధికి చేర్చుదామంటున్నారు. నిధి అవసరమే, కానీ ఈ సలహాతో మేము ఏకీభవించం. అమ్మకానికి చేసే కార్డులో కొనేవాడి పేరు ముందు తెలియదు. పేరు రాయనప్పుడు ఇంత శ్రమ ఎందుకు? నిధికి వేరే దారి వెతుకుదాం.

మా తరగతిలో ఒక అమ్మాయి మొన్నటి రంజాన్‌లో కార్డు చేస్తూ మా దగ్గరికి వచ్చి, పక్కింటి పిన్నిగారు అన్న మాటను తెలుగులో ఎట్లా రాయాలని అడిగింది. పిన్నికి న కింద న వత్తు అని పలక మీద చూపించాము. ఇంటికి పోయి ఆ వత్తును పదకొండుసార్లు దిద్దిందట. కార్డు అందుకొన్న ఆ పిన్నిగారు ఊరుకోలేదు. ఉగాదికి తానూ ఒక కార్డు చేసి, అమ్మాయి పేరు ఉర్దూలో రాయడం ఎట్లాగో ఆ పిల్లనే అడిగి నేర్చుకొని రాసి ఇచ్చారు. నూన్ మీద చుక్క పడలేదు. అమ్మాయి ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి, టీచర్లా కింద సంతకం చేసి మాకు చూపించింది.

హాలు వెనక మూడు బల్లలు వేయించాము. షీట్లు కోసి ఉన్నాయి, బెండకాయలూ ఉన్నాయి, రబ్బరు అచ్చులు ముప్పై దాకా ఉన్నాయి. ఉర్దూ రాసే పిల్లలు ఒక పక్క, తెలుగు రాసే పిల్లలు ఎదురుగా కూర్చోవాలి. తల్లిదండ్రులు ఎవరికి కార్డు పంపాలో వారి పేరూ చిరునామా చీటీ మీద రాసి ఇస్తే చాలు. మగ్రిబ్‌కు ఇంకా గంట ఉన్నది.